మహారాజశ్రీ ఆరున్నర బ్యాండు గారి సముఖానికి

విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో బ్యాండు అనే పేరుతో వేసే మార్కు, ఆరున్నర బ్యాండు గారికి, భీమవరం నుంచి ఒక ఇంగ్లీషు మాస్టారు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

అంకెకి ‘గారు’ ఏమిటని బయటివాళ్లు నవ్వుకోవచ్చు. మా వైపు అద్దెకున్నవాణ్ణి ఇల్లు ఖాళీ చెయ్యమన్నా “తమరిక దయచేయండి” అనే అంటామండి, ఆయ్. పైగా ఇన్నాళ్లూ నా ఇంటద్దె కట్టింది నా ఎం.ఏ. కాదు, బీఈడీ కాదు, తమరే.

తమరు పరిచయం కాకముందు నేనొక కాన్వెంటులో చెప్పేవాణ్ణి. ఏడాదికి పది నెలల జీతం. వేసవిలో పిల్లలు అమ్మమ్మగారింటికి, నేను చేబదులుకి. ఆ తర్వాత ఒక కార్పొరేటు కాలేజీలో చేరాను. పదో తరగతిలో ఇంగ్లీషు మూడో భాష, ఇంటర్‌కి వచ్చేసరికి పార్టు-వన్. సబ్జెక్టుకి అంత ప్రమోషన్ వచ్చింది గానీ నాకు రాలేదు. లెక్కల సారుకి టైము చాలకపోతే నా పీరియడ్ ఇచ్చేసేవారు. “ఇంగ్లీషుకేముందండీ, చివర్లో ఇంపార్టెంట్లు ఇచ్చేద్దురుగాని” అనేవారు ప్రిన్సిపాలుగారు. ఏప్రిల్ వస్తే మాత్రం నా అవసరం పడేది. ఉండి, ఆకివీడు, వీరవాసరం తిరిగి అడ్మిషన్లు పట్టుకురావాలి. ఒకసారి రొయ్యల చెరువు గట్టు మీద ఎర్రటెండలో నిలబడి ఏసీ హాస్టలు గురించి అరగంట వర్ణించాను. చెరువు ఆసామి రాజుగారు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆపించి మరీ విన్నారు. విని, “ఇంతకీ తమరు చెప్పే సబ్జెక్టేంటండీ?” అన్నారు. ఇంగ్లీషన్నాను. “అలాగా! తెలుగు శుభ్రంగా మాట్లాడుతుంటే తెలుగు మాస్టారనుకున్నాను” అన్నారు. అడ్మిషన్ ఇవ్వలేదు గానీ రెండు కిలోల రొయ్యలు కట్టించి పంపారు.

2019 నవంబరులో సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీషు మీడియమేనని జీవో 81 వచ్చినప్పుడు మా ఆవిడ “ఇంక మీకు తిరుగులేదు” అంది. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవో కొట్టేసింది. అప్పటికి కరోనాకి బళ్లూ కాలేజీలూ మూతపడి నా జీతమూ ఆగింది కాబట్టి, ఆ దెబ్బ విడిగా తగిలినట్టు తెలియలేదు.

అటువంటి రోజుల్లో తమరు దయచేశారు. మేడ మీద గది తీసుకుని కోచింగు పెట్టాను. కింద రొయ్యల మేత కొట్టు. కింద కౌంటు మాట, పైన బ్యాండు మాట. కిలోకి ముప్ఫై తూగితే ముప్ఫై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. అక్కడ అంకె తగ్గేకొద్దీ ధర, మా దగ్గర పెరిగేకొద్దీ. మిగతాదంతా ఒకటే. రెండూ మా డెల్టాలో పెరిగి, తూకం అయ్యాక ఓడో విమానమో ఎక్కే సరుకులే.

తమరి తూకం గురించి ఒక్క మాట. మా కుర్రాడొకడికి లిజనింగ్ 6.5, రీడింగ్ 6.5, స్పీకింగ్ 6, రైటింగ్ 5.5 వచ్చాయి. సగటు 6.125. తమరు దాన్ని 6కి దించారు. రైటింగులో ఇంకో అర వచ్చుంటే సగటు 6.25 అయ్యేది, అప్పుడు తమరే దాన్ని 6.5కి లేపేవారు. ఆ అర కోసం బ్యాంకు లోనూ, తనఖాలో ఉన్న రెండెకరాలూ, తణుకు సంబంధంవాళ్లూ ముగ్గురూ ఎదురుచూశారు. సంబంధంవాళ్లు ఆగలేదు.

స్పీకింగులో తమరు కార్డు ఇచ్చి, ఆలోచించుకోడానికి నిమిషం, మాట్లాడ్డానికి రెండు నిమిషాలు ఇస్తారు. నీటి ఒడ్డున ఉన్న ఒక చోటు గురించి చెప్పరా అని ప్రాక్టీసు పెడితే, పుట్టిందగ్గర్నుంచి కాలవ గట్టున ఉన్నవాడు స్విట్జర్లాండు సరస్సు అందుకుంటాడు. మన యనమదుర్రు డ్రెయిను గురించి చెప్పకూడదా అంటే, “వాసన కూడా చెప్పాలి కద సార్, రెండు నిమిషాలు చాలదు” అన్నాడు. ఫ్లూయెన్సీకి వాడికి తొమ్మిదిచ్చాను, తెలుగులో.

అన్నట్టు, రాజోలు వైపు మా మేనత్త కువైట్లో ఇంటిపని చేసొచ్చింది. ఫోనులో అరబ్బీ గడగడా మాట్లాడుతుంది, ఏ కోచింగూ లేకుండా. ఆవిడ బ్యాండెంతని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అంట్లు తోమేవాళ్లకి తమరితో పనుండదు కాబోలు.

ఇక నా పతనం. 2024 జనవరిలో బ్రిటన్, మాస్టర్స్ చదివేవాళ్లలో చాలామంది వెంట భార్యాబిడ్డలు రావడానికి వీల్లేదంది. అదే నెలలో కెనడా స్టడీ పర్మిట్లకి పరిమితి పెట్టింది. నవంబరు 8న స్టూడెంట్లకి పర్మిట్ త్వరగా ఇచ్చే ఎస్‌డీఎస్ అనే దగ్గర దారి కూడా మూసేసింది. సాయంత్రం బ్యాచీలో బెంచీలు ఖాళీ. అంతలో 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకం 50 శాతానికి లేపింది, కింద కౌంటు ధర పడింది. ఫీజు బాకీల గురించి ఫోను చేస్తే, ఎత్తిన ప్రతివారూ నాకు వనామీ రొయ్య రేటు చెప్పడమే. దీనికి తోడు ఇంట్లో కూర్చుని గంటలో రాసే పరీక్షలొకటి, అర్ధరాత్రి కూడా విసుక్కోకుండా ఇంగ్లీషు మాట్లాడించే ఫోనొకటి. బెంచీలు నిండినప్పుడు నేను చెప్పిందీ ఇదే ప్రెజెంట్ పర్‌ఫెక్టు, ఇప్పుడు చెబుతున్నదీ అదే. అప్పుడు ఊరంతా నన్ను మొనగాడన్నారు. ఇప్పుడు “మాస్టారు మునపట్లా చెప్పట్లేదంటండి” అంటున్నారు. కెనడా రాజధాని ఒట్టావాలో సంతకం పడితే భీమవరంలో నా బోధన పాడవుతుందని ఏ బీఈడీ పుస్తకంలోనూ చదవలేదు.

తమరి ఆయుష్షు రెండేళ్లేనట. అది దాటితే నేర్చుకున్న ఇంగ్లీషు చెల్లదు, మళ్లీ ఫీజు కట్టి రాయాలి. దీనిమీద ఊళ్లో తమర్ని తిడుతున్నారు గానీ నేను కలవలేదు. మళ్లీ రాసేవాడు మళ్లీ నా దగ్గరికే వస్తాడు.

చిన్న కోరిక. ఈసారి ఏ దేశమైనా తలుపు వేసేముందు సంక్రాంతి వెళ్లనివ్వమని చెప్పండి. నా బాకీలు వసూలయ్యేది అప్పుడే. పందెంలో గెలిచినవారు చేతిలో పెడతారు, ఓడినవారు ఉగాది అంటారు.

ఇట్లు,
తమరి విధేయుడు,
మేత కొట్టు పైన ఇంగ్లీషు మాస్టారు.

తా.క.: ‘ఇచ్చట జర్మన్ ఏ1 నేర్పబడును’ అని నిన్ననే ఫ్లెక్సీ కట్టించాను. తమరేమీ అనుకోకండి. నాకు జర్మన్ రాదు. సోమవారం బ్యాచీ మొదలు గనక ఆదివారం రాత్రి మొదటి పాఠం చదువుకుంటాను.