జీ20 గద్దె దిల్లీది, గెడ్డల బిల్లు విశాఖది

2023 మార్చిలో విశాఖపట్నం రెండు పెద్ద సభలు చూసింది. 3, 4 తేదీల్లో ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ మైదానంలో పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. రూ.13 లక్షల కోట్లకు పైగా ఒప్పందాలని పతాక శీర్షికలు వచ్చాయి. 28, 29 తేదీల్లో రుషికొండలో జీ20 మౌలిక సదుపాయాల వర్కింగ్ గ్రూప్ కూర్చుంది. బీచ్ రోడ్డు ముస్తాబైంది, గోడలకు బొమ్మలు వచ్చాయి. జనం ఆ రెండు సభలనూ ఒకే గాటన కట్టేశారు. నిజానికి రెండో సభలో ఎవరూ ఏ ఒప్పందం మీదా సంతకం చేయలేదు, ఏ పెట్టుబడీ ప్రకటించలేదు. అక్కడ నడిచిన చర్చ ‘రేపటి నగరాలకు డబ్బు’ గురించి. నీళ్ల పైపులకు, మురుగు కాలువలకు, చెత్తకు, బస్సులకు ఎవరు పెట్టుబడి పెట్టాలి, ఏ పూచీ మీద పెట్టాలి అన్నదే విషయం.

పెట్టుబడిదారుల సదస్సు కన్నా ఈ చర్చే విశాఖకు ఎక్కువ పనికొచ్చేది. కానీ ఊళ్లో దాని గురించి మాట్లాడుకున్నది తక్కువ.

వర్ధమాన దేశానికి జీ20 అధ్యక్షత వస్తే ఏం దక్కుతుందో ముందు తేల్చుకుందాం. జీ20కి సొంత కార్యాలయం లేదు, శాశ్వత సచివాలయం లేదు, చట్టబద్ధమైన అధికారం లేదు. ఆసియా ఆర్థిక సంక్షోభం తర్వాత 1999లో ఆర్థిక మంత్రులు, కేంద్ర బ్యాంకుల గవర్నర్ల వేదికగా మొదలైంది. 2008లో దేశాధినేతల స్థాయికి ఎదిగింది. ఏటా ఒక దేశం అధ్యక్ష స్థానంలో కూర్చుంటుంది. నిరుడు కూర్చున్న దేశం, వచ్చే ఏడు కూర్చోబోయే దేశం దానికి అటూ ఇటూ ఉంటాయి. దీన్నే త్రయం అంటారు. 2022 డిసెంబరు 1న మనకు బాధ్యత వచ్చినప్పుడు ఆ త్రయంలో ఇండోనేసియా, భారత్, బ్రెజిల్ ఉన్నాయి. మూడూ వర్ధమాన దేశాలే కావడం అదే మొదటిసారి. ఆ తర్వాత బ్రెజిల్, దక్షిణాఫ్రికా వరుసగా గద్దెనెక్కాయి.

అధ్యక్ష దేశం చేతిలో ఉండేవి ఎజెండా రాయడం, అతిథి దేశాలను పిలవడం, ముసాయిదాలు తయారు చేయడం, భేటీలు నడపడం. ఓటింగ్ ఉండదు. ఒక్క దేశం ససేమిరా అన్నా ఉమ్మడి ప్రకటన ఆగిపోతుంది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో అదే జరిగింది. ఉక్రెయిన్ యుద్ధం మీద రెండు పేరాలకు రష్యా, చైనా ఒప్పుకోలేదు. ఆర్థిక మంత్రుల భేటీ ఉమ్మడి ప్రకటన లేకుండా, అధ్యక్షుల సారాంశంతోనే ముగిసింది. సెప్టెంబరు 9న దిల్లీలో 83 పేరాల ప్రకటనకు అందరినీ ఒప్పించడం, ఆఫ్రికన్ యూనియన్‌కు శాశ్వత సభ్యత్వం ఇప్పించడం అందుకే చిన్న విషయాలు కావు. వర్ధమాన దేశం గద్దె మీద ఉండబట్టే ఆ రెండోది అంత తేలిగ్గా జరిగిందని నా అభిప్రాయం.

ఇలాంటి శిఖరాగ్ర సభల కింద నిశ్శబ్దంగా పని చేసేవే వర్కింగ్ గ్రూపులు. దేశాధినేతల ప్రతినిధులు నడిపే షెర్పా ట్రాక్ ఒకటి, ఆర్థిక మంత్రులు, కేంద్ర బ్యాంకుల గవర్నర్లు నడిపే ఫైనాన్స్ ట్రాక్ ఒకటి. విశాఖకు వచ్చింది ఫైనాన్స్ ట్రాక్ కింది గ్రూపు. అధ్యక్షత మనది, సహాధ్యక్షులు ఆస్ట్రేలియా, బ్రెజిల్. జనవరిలో పుణె, మార్చిలో విశాఖ, జూన్‌లో రుషికేశ్. ప్రతి భేటీలోనూ ముసాయిదా మీద ఒక్కో దేశం ఒక్కో మాట సవరిస్తుంది. అలా నలిగి బయటికొచ్చినవే ‘రేపటి నగరాలకు నిధుల సమీకరణ సూత్రాలు’. దిల్లీ ప్రకటన వాటిని ఆమోదిస్తూనే, స్వచ్ఛందమైనవి, ఎవరినీ కట్టిపడేయనివి అని పక్కనే రాసుకుంది. ఆ రెండు మాటలు లేకపోతే ఇరవై సంతకాలు రావు. ఆ రెండు మాటలు ఉన్నాయి కాబట్టే సూత్రాలు అమలు చేయకపోయినా అడిగేవాళ్లు లేరు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన లెక్క చెప్పుకోవాలి. రిజర్వు బ్యాంకు 2022 నవంబరులో పురపాలక సంస్థల ఆర్థిక స్థితి మీద నివేదిక ఇచ్చింది. మన పట్టణ స్థానిక సంస్థల బడ్జెట్లన్నీ కలిపినా జీడీపీలో ఒక శాతం దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయాయి. బ్రెజిల్‌లో అది 7.4 శాతం, దక్షిణాఫ్రికాలో 6 శాతం. అంటే ‘నగరాలకు డబ్బు’ అనే అంశాన్ని ఎజెండాలో పెట్టిన దేశమే, తన తర్వాత అదే కుర్చీలో కూర్చున్న రెండు దేశాల కన్నా నగరాల చేతికి తక్కువ డబ్బిస్తోంది. ప్రపంచ బ్యాంకు అదే నెలలో వేసిన అంచనా ప్రకారం, 15 ఏళ్లలో మన పట్టణ మౌలిక సదుపాయాలకు 84 వేల కోట్ల డాలర్లు కావాలి. అప్పటికి ఈ రంగంలోకి వస్తున్న పెట్టుబడిలో ప్రైవేటు వాటా 5 శాతమే. మిగతాదాంట్లో సింహభాగం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలదే.

విశాఖకు విదేశీ డబ్బు కొత్తేమీ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని చిందరవందర చేశాక, ప్రపంచ బ్యాంకు 2015లో ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టుకు 25 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. నగరంలో కరెంటు తీగలు భూగర్భంలోకి వెళ్లింది ఆ డబ్బుతోనే. 2016లో విశాఖ-చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు ఆసియా అభివృద్ధి బ్యాంకు 63.1 కోట్ల డాలర్ల రుణాలు, గ్రాంట్లు ఒప్పుకుంది. విశాఖలో 24 గంటల నీటి సరఫరా పనులు దాంట్లో భాగం.

ఈ డబ్బు నగరానికి ఎలా చేరుతుందో చూస్తేగానీ అసలు చిక్కు అర్థం కాదు. నగరపాలక సంస్థ నేరుగా ప్రపంచ బ్యాంకు గుమ్మం తొక్కడానికి వీల్లేదు. రుణం తీసుకునేది కేంద్రం. ప్రత్యేక హోదా లేని రాష్ట్రాలకు కేంద్రం ఆ అప్పును ఏ షరతులతో తెచ్చిందో అవే షరతులతో దాటిస్తుంది. కరెన్సీ కూడా అందులో భాగమే. రూపాయి పడిపోతే నష్టం రాష్ట్రానిది. ఒక ఉదాహరణ వేసుకుందాం. 2015 మధ్యలో డాలరు 64 రూపాయల చుట్టూ ఉంది, 2023 చివరికి 83 దాటింది. 10 కోట్ల డాలర్లు అప్పుడు రూ.640 కోట్లు. అదే అసలు 83 దగ్గర తీర్చాలంటే రూ.830 కోట్లు. వడ్డీ సంగతి పక్కన పెట్టినా రూ.190 కోట్లు అదనం. ‘తక్కువ వడ్డీ విదేశీ రుణం’ అని పత్రికా ప్రకటనల్లో రాసినప్పుడు ఈ అంకె కనబడదు. నీటి బిల్లు, ఆస్తి పన్ను రూపాయల్లో వస్తాయి, అప్పు డాలర్లలో పోతుంది.

మన అధ్యక్షత కాలంలోనే 15వ ఆర్థిక సంఘం అధ్యక్షుడిగా చేసిన ఎన్.కె. సింగ్, అమెరికా మాజీ ఆర్థిక మంత్రి లారెన్స్ సమ్మర్స్ నేతృత్వంలో నిపుణుల బృందం ప్రపంచ బ్యాంకు లాంటి అభివృద్ధి బ్యాంకుల సంస్కరణ మీద నివేదిక ఇచ్చింది. 2030 నాటికి వాటి వార్షిక రుణాలను మూడింతలు చేసి 39 వేల కోట్ల డాలర్లకు చేర్చమంది. మంచిదే. కానీ విశాఖ లాంటి ఊరికి అప్పు ఎంత పెరుగుతుందన్న దానికన్నా మారకపు నష్టం ఎవరు మోస్తారన్నదే పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్నను వర్ధమాన దేశం గద్దె మీద ఉన్నప్పుడే గట్టిగా పట్టుకుని ఉండాల్సింది.

డాలరు బెడద లేని దారి ఒకటుంది. అదే మున్సిపల్ బాండ్లు, అంటే నగరపాలక సంస్థ మార్కెట్లో మదుపరులకు అమ్మి రూపాయల్లో అప్పు తెచ్చుకునే పత్రాలు. 2018లో మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) రూ.80 కోట్ల బాండ్లు జారీ చేసింది. వడ్డీ 10 శాతం. అంటే ఏటా రూ.8 కోట్లు. రూ.100 కోట్ల బాండుకు రూ.13 కోట్ల చొప్పున కేంద్రం అప్పట్లో ఇచ్చిన ప్రోత్సాహకం ఈ 80 కోట్లకు రూ.10.4 కోట్లు అవుతుంది. ఏడాదీ మూడు నెలల వడ్డీకి సరిపోయింది, అంతే. అంతకు ఏడాది ముందు పుణె రూ.200 కోట్లను 7.59 శాతానికే తెచ్చుకుంది. మధ్యలో మౌలిక సదుపాయాలకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థ కుప్పకూలి మార్కెట్లో వడ్డీలు పెరిగిన మాట నిజమే. కానీ అదే ఏడాది ఇందౌర్ 9.25 శాతానికి, భోపాల్ 9.55 శాతానికి బాండ్లు అమ్ముకోగలిగాయి. కాబట్టి తప్పంతా మార్కెట్ మీదే తోసేయలేం.

బాండు కొనేవాడు బీచ్ రోడ్డు రంగులు చూడడు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015లో చేసిన నిబంధనల ప్రకారం లెక్కలు జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ పద్ధతిలో, అంటే డబుల్ ఎంట్రీలో ఉండాలి. పాత అప్పులు ఎగ్గొట్టి ఉండకూడదు. అప్పు తీర్చే సత్తా ఎంతో చెప్పే రేటింగ్ తెచ్చుకోవాలి. ఆస్తి పన్ను లాంటి రాబడి ముందుగా ఎస్క్రో ఖాతాలో, అంటే అప్పు తీర్చడానికే విడిగా కట్టడి చేసిన ఖాతాలో పడాలి. అందులోంచి వడ్డీ వాటా, అసలు తీర్చే సింకింగ్ ఫండ్ వాటా పక్కకు తీశాకే మిగతాది జీతాలకు, పనులకు కార్పొరేషన్ చేతికొస్తుంది. దెబ్బ తినేది సాధారణంగా రెండు చోట్ల. ఆడిట్ ఏళ్లకేళ్లు వెనకబడితే రేటింగ్ సంస్థ పాత అంకెలతో పని చేయాలి, అనుమానం ఉన్నచోట రేటింగ్ తగ్గిస్తుంది. రెండోది, ప్రాజెక్టు సిద్ధం కాకుండానే డబ్బు ఎత్తడం. స్థలం చేతికి రాదు, సవివర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) మారుతుంది, డబ్బు బ్యాంకులో తక్కువ వడ్డీకి పడి ఉంటుంది, బాండుకు మాత్రం 10 శాతం కడుతూనే ఉండాలి.

ఇక సొంత రాబడి. నగరాల నిధుల గురించి ఏ అంతర్జాతీయ పత్రం తిరగేసినా ‘సొంత ఆదాయ వనరుల బలోపేతం’ అన్న మాట తగులుతుంది. గాజువాకలోనో మధురవాడలోనో ఇంటి యజమాని చేతికి అది ఆస్తి పన్ను నోటీసుగా వస్తుంది. 2020లో కొవిడ్ వేళ రాష్ట్రాలకు అదనపు అప్పు అనుమతించేందుకు కేంద్రం పెట్టిన షరతుల్లో పట్టణ సంస్కరణలు ఒకటి. అవి చేస్తే రాష్ట్ర స్థూలోత్పత్తిలో 0.25 శాతం మేర అదనపు అప్పు దక్కుతుంది. దాని ఫలితంగానే ఆంధ్రప్రదేశ్ ఇంటికి రాగల అద్దెను బట్టి లెక్కగట్టే పద్ధతి వదిలి మూలధన విలువ, అంటే ఆస్తి ధర ఆధారిత పన్నుకు మారింది. ఏడాదికి పెరుగుదల 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. చూడ్డానికి చిన్నదే. రూ.2,000 కట్టేవాళ్లకు మరుసటేడు రూ.2,300, ఆపై రూ.2,645. ప్రతి ఏడూ పరిమితి మేరకు పెంచుకుంటూ పోతే అయిదో ఏడాదికి రూ.4,000 దాటుతుంది. అంటే రెట్టింపు. జనం గగ్గోలు పెట్టడంలో వింత లేదు. పెంచిన పన్ను ఏ వార్డులో ఏ కాలువకు వెళ్లిందో చూపించకుండా పెంచితే ఏ ఊళ్లోనైనా ఇదే గొడవ.

పన్ను విధానం రాష్ట్రానిది, కమిషనర్‌ను వేసేది రాష్ట్రం, పెద్ద అప్పుకు అనుమతి ఇచ్చేదీ రాష్ట్రమే. 2012లో పాలకవర్గం గడువు తీరాక జీవీఎంసీకి మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. 2018 బాండ్ల నాటికి సర్వసభ్య సమావేశంలో ప్రశ్నించే కార్పొరేటరే లేడు! పదేళ్ల అప్పు చేసే సంస్థకు అయిదేళ్ల పాలకవర్గమైనా గ్యారంటీ లేకపోతే మదుపరి ఆ అనిశ్చితికి కూడా ధర కడతాడు.

జీ20 బల్ల దగ్గరా ఇదే కథ. వర్కింగ్ గ్రూపులో కూర్చున్నది దేశాల ఆర్థిక శాఖల అధికారులు, అంతర్జాతీయ సంస్థల ప్రతినిధులు. నగరాల కోసం అర్బన్20 అని వేరే బృందం ఉంది, ఆ ఏడు దాన్ని అహ్మదాబాద్ నడిపింది. అది సిఫార్సులు పంపే బృందం, ముసాయిదా దిద్దేది కాదు. 60 నగరాల్లో 200కు పైగా భేటీలు పెట్టి అధ్యక్షతను జనం దగ్గరికి తెచ్చామన్నారు. వేదికలను తెచ్చిన మాట వాస్తవం. నగరాల డబ్బు గురించి మాట్లాడిన భేటీలో నగరం ఆతిథ్యం దగ్గరే ఆగిపోయింది.

పైగా సచివాలయం లేని వేదికలో ఏ ఫైలైనా తర్వాతి అధ్యక్షుడి దయ మీద బతకాలి. నాలుగేళ్ల వర్ధమాన దేశాల వరుస 2025 నవంబరులో జొహనెస్‌బర్గ్ శిఖరాగ్రంతో ముగిసింది. ఆ సభను అమెరికా బహిష్కరించింది. డిసెంబరు 1న అధ్యక్షత దాని చేతికే వెళ్లింది. రుషికొండలో నలిగిన సూత్రాలను అక్కడ ఎవరో ముందుకు తీసుకెళ్తారని ఎదురుచూడటం వృథా.

వాటి నీడ మాత్రం దిల్లీ బడ్జెట్‌లో కనబడుతోంది. 2025-26 బడ్జెట్‌లో లక్ష కోట్ల రూపాయల అర్బన్ ఛాలెంజ్ ఫండ్ ప్రకటించారు. ప్రాజెక్టు ఖర్చులో కేంద్రం 25 శాతం దాకా ఇస్తుంది. కనీసం 50 శాతం బాండ్లు, బ్యాంకు రుణాలు, ప్రైవేటు భాగస్వామ్యం ద్వారా రావాలి. గెడ్డల (ఊరి గుండా పారే వాన, మురుగు నీటి కాలువల) ఆధునికీకరణకో భూగర్భ డ్రైనేజీకో జీవీఎంసీ రూ.400 కోట్ల పని తలపెట్టిందనుకోండి. కేంద్రం నుంచి 100 కోట్లు, సొంతంగానో రాష్ట్రం నుంచో 100 కోట్లు, మార్కెట్ నుంచి 200 కోట్లు. 2018లో తెచ్చిన దానికి రెండున్నర రెట్లు.

ఆ 200 కోట్లకు వెళ్లే ముందు మూడేళ్ల ఆడిట్ లెక్కలు వెబ్‌సైట్‌లో ఉండాలి. ఆస్తి పన్నులో డిమాండ్ ఎంత, వసూలెంత, ప్రభుత్వ శాఖల బకాయిలెంత అన్నది వార్డుల వారీగా తెలియాలి. స్థలం, అనుమతులు చేతికొచ్చాకే బాండు తేదీ ఖరారు చేయాలి. ఇవి లేకపోయినా డబ్బు పుడుతుంది, కాకపోతే 8 శాతానికి పుట్టాల్సింది 10 శాతానికి పుడుతుంది. రూ.200 కోట్ల మీద ఆ తేడా ఏటా రూ.4 కోట్లు. అసలు చివర్లో తీర్చే బాండైతే పదేళ్లకు రూ.40 కోట్లు, అంటే 2018లో నగరం ఎత్తిన మొత్తం అప్పులో సగం.