చిన్నాయనకి చెప్పలేక ఇక్కడ రాస్తున్నా: ఉపాధి పని గురించి

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా చిన్నాయన అందరి ముందర అన్నాడు, "ఆ కరువు పని ఎత్తేస్తేనే రైతు బాగుపడతాడు, సేద్యానికి ఒక్క మనిషి దొరకట్లేదు, చెట్టు కింద కూర్చుని డబ్బులు తీసుకుంటున్నారు" అని. మా అమ్మ అక్కడే ఉంది. ఏం మాట్లాడకుండా లేచి వంటింట్లోకి పోయింది. పదిహేనేళ్ళు ఆ పనికే పోయిన మనిషి ఆమె. పండగ పూట పెద్దాయనతో వాదన ఎందుకులే అని నేనూ ఊరుకున్నా గానీ అప్పట్నుంచి మనసు కుదురుగా లేదు.

మాది అనంతపురం జిల్లా. మా వైపు కరువు పని అనేది ఉపాధి హామీ పథకాన్నే. ఈ పథకం దేశం మొత్తానికీ మొదలైందే మా జిల్లాలో, 2006 ఫిబ్రవరి 2న బండ్లపల్లిలో, మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి మొదలుపెట్టారు. మా వైపు వాన సంగతి తెలిసినోళ్ళకి ఇక్కడే ఎందుకని అడగాల్సిన పని లేదు. ఉన్నది శనక్కాయ ఒక్కటే, అది ఎండిపోతే పిల్లల్ని అవ్వ దగ్గర వదిలేసి బెంగళూరు బస్సెక్కడమే, అక్కడ బిల్డింగు పని, రేకుల షెడ్డులో నిద్ర. నేను కూడా రెండేళ్ళు అట్ల అవ్వ దగ్గర పెరిగినోడినే.

అమ్మ పొలం పనులకి పోయే రోజుల్లో మగోళ్ళకి ఇచ్చే దాంట్లో సగం ఇచ్చేవాళ్ళు ఆడోళ్ళకి. అదేందని అడిగితే ఇష్టముంటే రా లేకపోతే పో అనేవాళ్ళు, ఎక్కడికి పోతారు, ఇంకో చోట కూడా అదే రేటు. ఉపాధి పనిలో మొదటిసారి ఆడ మగ ఒకటే కూలి అయింది. అది వచ్చిన రెండు మూడేళ్ళకే మా ఊర్లో చేన్లలో కూడా ఆడోళ్ళ కూలి పెరిగింది, ఎవరో దయ తలచి పెంచలేదు, పెంచకపోతే చెరువు పనికి పోతారని పెంచారు. చిన్నాయనా, నువ్వు దొరకట్లేదు అంటున్నావే, నాకైతే అందులో ఇంకో మాట వినపడుతుంది. పాత రేటుకి దొరకట్లేదు అని. కూలి మనిషికి "నేను రాను" అని చెప్పే వీలు జీవితంలో మొదటిసారి ఈ పనితోనే వచ్చింది. అసలు విలువ అదే అంటాను నేను, డబ్బులు దాని తర్వాత.

ఇంక చెట్టు కింద కూర్చోవడం. ఉపాధిలో రోజు లెక్క కాదు, కొలత లెక్క. ఎన్ని క్యూబిక్ మీటర్లు తవ్వారో కొలిచి ఆ గ్రూపుకి పంచుతారు. 2025-26లో ఏపీలో, తెలంగాణలో కూలి 307 రూపాయలు అని పేపర్లో రాశారు, కానీ కొలత తగ్గితే చేతికి అంత రాదు. ఏప్రిల్, మే నెలల్లో మా నేల గడ్డపార దిగనంత గట్టిగా ఉంటుంది, పొద్దున్నే ఐదింటికే పోతే గానీ పని సాగదు, ఎండెక్కాక కాసేపు చెట్టు కింద కూర్చుంటే అది కూడా చూసి లెక్కేస్తారా? ఇంకో మాట కూడా చెప్పాలి, మీ చేన్లో ఫారం పాండ్, అదే నీళ్ళ గుంట, తవ్వింది ఎవరు చిన్నాయనా? ఇదే ఉపాధి పనిలో మా అమ్మ గ్రూపే కదా తవ్వింది. ఆ నీళ్ళతోనే కదా రెండేళ్ళ కింద మీ చీనీ (బత్తాయి) చెట్లు బతికింది.

దొంగ మస్టర్లు, అంటే పనికి రానోళ్ళ పేరు మీద హాజరు వేయడం, లేవని నేను అనను, ఉన్నాయి, మా కండ్ల ముందరే చూశాం. కానీ దొంగల్ని పట్టడానికి అని తెచ్చిన ప్రతి రూలూ వచ్చి కూలోళ్ళ నెత్తిన పడుతుంది. 2023 నుంచి హాజరుకి యాప్‌లో రెండు పూటలా ఫోటో తప్పనిసరి చేశారు, మా గుట్ట దగ్గర సిగ్నల్ ఉండదు, ఫోటో ఎక్కకపోతే చేసిన పని పోయినట్టే. 2024 జనవరి నుంచి ఆధార్ ద్వారానే డబ్బులు అన్నారు. అమ్మ ఇంటిపేరు ఆధార్‌లో ఒక రకంగా, జాబ్ కార్డులో ఇంకో రకంగా ఉంది, ఎన్‌పీసీఐ లింకు (డబ్బులు పడటానికి ఆధార్‌ని బ్యాంకు ఖాతాకి కలిపేది) కాలేదని ఆరు వారాల డబ్బులు ఆగిపోయాయి. మండలంలో బ్యాంకుకి నాలుగు సార్లు తిరిగింది, తిరిగిన ప్రతి రోజూ పని పోయింది, ఆటో చార్జీ పోయింది. పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలని చట్టం, ఆలస్యమైతే రోజుకి 0.05 శాతం పరిహారం అంట, అంటే మూడు వేలు ఆగితే రోజుకి రూపాయిన్నర. మా అమ్మకి ఆ రూపాయిన్నర కూడా పడలేదు.

ఇప్పుడు 2025 డిసెంబర్‌లో మహాత్మా గాంధీ పేరుతో ఉన్న పాత ఉపాధి హామీ చట్టం తీసేసి కొత్త చట్టం పాస్ చేశారు. టీవీల్లో గొడవంతా గాంధీ పేరు తీసేశారని, ఆ బాధ నాకూ ఉంది, కానీ లోపల మారింది చూడండి. వంద రోజులు 125 అయింది, చాలా మంది మంచిదే కదా అంటున్నారు. పాత చట్టంలో కూలి మొత్తం కేంద్రమే ఇచ్చేది, ఇప్పుడు మన రాష్ట్రాలు 40 శాతం పెట్టుకోవాలి. ఎంత మంది పని అడిగితే అంత ఖర్చు అని ఉండేది పోయి, రాష్ట్రానికి ఇంత అని కేంద్రం ముందే గీత గీస్తుంది, దాటితే మిగతాది రాష్ట్రమే భరించాలి. లాక్‌డౌన్ ఏడాది 2020-21లో దేశంలో 7.5 కోట్ల కుటుంబాలు ఈ పని చేశాయి, బెంగళూరు నుంచి నడిచొచ్చిన మా ఊరోళ్ళు కూడా అందులో ఉన్నారు, అడిగితే ఇవ్వాలి అని చట్టం ఉండబట్టే కదా ఇచ్చారు. ముందే గీత గీసి ఉంటే ఎంత మందిని వెనక్కి పంపేవాళ్ళు?

ఇంకా, విత్తనాలు, కోతల టైమ్‌లో ఏడాదికి 60 రోజుల దాకా పని ఆపుతారు. చిన్నాయన అడిగింది ఇదే. ఆయన కష్టం అబద్ధం కాదు, ఎకరాకి పెట్టుబడి ఎంతవుతుందో నాకు తెలుసు, పంట అమ్మేటప్పుడు రేటు రాదు. కానీ ఆ లోటు మా అమ్మ కూలిలో కోసి పూడ్చాలా? రైతుకి గిట్టుబాటు ధర ఇవ్వలేని ప్రభుత్వం, కూలోళ్ళకి ఇంకో దారి లేకుండా చేసి రైతుకి సాయం చేశా అంటే నేను ఒప్పుకోను. పంట టైమ్‌లోనే కదా కూలి రేటు మాట్లాడుకునేది, సరిగ్గా అప్పుడే ఆ తలుపు మూస్తే ఇంక అమ్మ ఎవరితో ఏం మాట్లాడుతుంది?

ఊర్లో మీ వాళ్ళు ఎవరైనా ఈ పనికి పోతుంటే ఒక్క విషయం చెప్పండి. పని కావాలని నోటితో అడిగి ఊరుకోవద్దు, అర్జీ రాసిచ్చి తేదీ వేసిన రసీదు తీసుకోమనండి. 15 రోజుల్లో పని ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని పాత చట్టంలోనూ ఉంది, కొత్త దాంట్లోనూ ఉంది, కానీ ఎప్పుడు అడిగారో కాగితం లేకపోతే అది రాదు. అమ్మ ఇన్నేళ్ళలో ఒక్క రసీదు కూడా తీసుకోలేదు, ఇస్తారని ఆమెకి ఎవరూ చెప్పలేదు. పండగ అయిన మర్నాడు ఇద్దరం కూర్చుని అర్జీ రాశాం, సంతకం తనే పెట్టింది.