క్లాసులో బ్లాగు రాయిస్తే పిల్లలు పాడైపోతారా?

విశాఖ తల్లిదండ్రుల గ్రూపుల్లో ఒక మెసేజ్ చేతులు మారుతోంది: "స్కూల్లో బ్లాగులు రాయిస్తే పిల్లలు నేర్చేది కాపీ పేస్టే. తెలుగు రాత పోతుంది, టీచరుకు దిద్దుడు రెట్టింపవుతుంది, పిల్లల వివరాలు బజారున పడతాయి." మొదటి మూడూ నిలబడవు. నాలుగోదాన్ని మాత్రం కొట్టిపారేయలేం.

ముందు కాపీ సంగతి. "తుఫాన్లు" అని శీర్షిక ఇచ్చి రాసుకురమ్మంటే నోటుబుక్కులోకైనా గైడే దిగుతుంది. లోపం ప్రశ్నలో ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజులూ విశాఖలోని మత్స్యకారుల వాడ పెదజాలారిపేటలో ఎవరు ఏ పని చేస్తారు, వంజరం ధర నిషేధానికి ముందెంత, మధ్యలో ఎంత అని అడగండి. అది వెళ్లి కనుక్కుంటేనే తెలుస్తుంది.

రాత ఎక్కడికీ పోదు. 120 పదాల చిత్తుప్రతి నోటుబుక్కులోనే రాయించాలి, టైపింగ్ ఆ తర్వాతే. అసలు చిక్కు ఫాంట్లతో. డీటీపీలో వాడే 'అను' ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా చదవగల అక్షర పద్ధతి) కాదు కాబట్టి బ్లాగులో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటు చేయండి.

దిద్దుడా? 40 మందిని అయిదుగురేసి 8 జట్లు చేసి, జట్టుకు రెండు వారాలకో పోస్టు పెడితే వారానికి వచ్చేవి నాలుగే.

బ్లాగు అసలు లాభం వ్యాఖ్యల్లో ఉంది, ఆ మెసేజ్ దాని ఊసే ఎత్తలేదు. "సూపర్" లాంటివి ఆపేయండి. వ్యాఖ్య అంటే ప్రశ్నే: "వల బాగుచేసే కూలి రోజు లెక్కా, వల లెక్కా?" రాసిన జట్టు కనుక్కుని వచ్చి ఆ వాక్యాన్నే తిరగరాయాలి, టీచరు దాన్ని పోస్టులో మార్చాలి. బ్లాగు నడిపే వర్డ్‌ప్రెస్ పాత ప్రతుల్ని కూడా భద్రంగా ఉంచుతుంది గనక ఏం మారిందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. నోటుబుక్కులో ఎర్రసిరా పడిన పేజీని మళ్లీ తిరగరాసే పిల్లలు చాలా అరుదు.

ఇక వివరాల భయం న్యాయమైనదే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. సమ్మతి రాతపూర్వకంగా తీసుకోండి. పిల్లల ఈమెయిళ్లు అక్కర్లేదు, జట్టుకో 'కంట్రిబ్యూటర్' ఖాతా టీచరే తెరవాలి. ఆ ఖాతాతో రాయగలరు గానీ ప్రచురించలేరు, ఫొటోలూ ఎక్కించలేరు. ఫొటో టీచరు చేతి మీదుగానే వెళ్తుంది కాబట్టి ముఖాలు, యూనిఫాం బ్యాడ్జీలు, ఫొటోలో దాగిన లొకేషన్ వివరాలు అక్కడే తీసేయొచ్చు.