గుంట మగ్గం మునిగితే ఐదు వేలు

2009 అక్టోబర్ 2 గుర్తుందా అని గద్వాల జిల్లా రాజోలిలో ఎవరినీ అడగనక్కర్లేదు. తుంగభద్ర ఊరి మీద పడ్డ రోజులవి. అలంపూర్ మునగడం, కర్నూలు మునగడం, శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు రావడం అందరికీ తెలిసిన కథే. అదే ఏడాది నైరుతి రుతుపవనాల వాన దేశం మొత్తమ్మీద 22 శాతం తక్కువ. ఒక్క వరదను పట్టుకుని వాతావరణ మార్పు వల్లే అనలేం గానీ, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచుతుంది. అది దిగినప్పుడు కుండపోతే.

నా గొడవ వానతో కాదు, వాన వెలిశాక రాసే లెక్కతో.

రాజోలి నేతగాళ్ల ఊరు. గద్వాల చీర నేసేది గుంట మగ్గం మీద. ఇంట్లో నేల తవ్వి, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని తొక్కుతూ నేస్తారు. ఇంట్లోకి అడుగు నీళ్లొస్తే మొట్టమొదట నిండేది ఆ గుంటే. గోడ పడదు కాబట్టి ఇల్లు బాగానే ఉన్నట్టు కాగితంలో ఎక్కుతుంది. లోపల పడుగు (మగ్గం మీద నిలువుగా సాగదీసిన దారాలు) బురదపట్టి ఉంటుంది, డిజైన్ నేయించే చిల్లుల జకార్డ్ అట్టలు నాని ఉబ్బి ఉంటాయి. చాలా ఇళ్లలో ఆ పట్టు దారం మాస్టర్ వీవర్‌ది, అంటే సరుకిచ్చి కూలికి నేయించుకునే ఆసామిది. ముందే అడ్వాన్స్ తీసుకున్న మనిషికి పని పోతుంది, బాకీ మాత్రం పోదు.

2022-26 విపత్తు సాయం నిబంధనలు చూడండి. పాడి గేదె కొట్టుకుపోతే 37,500 రూపాయలు. చేనేత కార్మికుడి పనిముట్లు పాడైతే 5,000, నూలూ సరుకూ పోతే మరో 5,000. గేదె మీద నాకేం కోపం లేదు, ఆ డబ్బుకు మంచి గేదె రాదు కూడా. కానీ 5,000కు ఆ మగ్గం మీద నేసే ఒక్క పట్టు చీరైనా వస్తుందా?

పొలంలోనూ ఇదే తంతు. 2024 సెప్టెంబర్ 1న సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాల్వ తెగి వరి చేల మీద పడింది. ఎకరాకు 10 వేలు ప్రకటించారు. పట్టాదారు పేరు కంప్యూటర్‌లో ఉంది. అప్పు చేసి నాటేసిన కౌలు రైతు పేరు ఎక్కడుంది? 2020లో ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చి, పహాణీలో (భూమి వివరాల రికార్డులో) సాగు చేసేవాడి పేరుండే అనుభవదారు కాలమ్‌నే ఎత్తేసింది. ధరణి పోయి దాని చోట భూభారతి వచ్చినా, అసలు జబ్బు పాతదే: మన సర్కారుకు ఆస్తి కనబడినట్టు కష్టం కనబడదు. పాలమూరు వలస కూలీ బతుకంతా ఆ చూపుకు బయటే గడిచింది.

కౌలు నోటిమాట, వరదొచ్చాక ఎవరైనా నేనే కౌలుదారునంటారు అని అధికారులు చెబుతారు. నిజమే. అందుకే వరద రాకముందే రాసుకోవాలి. కౌలుదారులకు కార్డులిచ్చే చట్టం 2011 నుంచీ ఉంది. నాట్లయ్యాక ఊరంతా కూర్చుంటే ఎవరి చేను ఎవరు చేస్తున్నారో ఒక్క పూటలో తేలుతుంది.

మగ్గాలకైతే ఆ సాకు కూడా లేదు. జియోట్యాగింగ్ (ప్రతి మగ్గానికీ నంబరిచ్చి అదున్న చోటు నమోదు చేయడం) ఎప్పుడో చేశారు, ఏ ఇంట్లో ఏ మగ్గం ఉందో సర్కారు దగ్గర జాబితా ఉంది. నీళ్లు తీసిన మర్నాడు అది పట్టుకుని రావాలి. గోడలు కొలిచి వెళ్లిపోకుండా, లోపలికొచ్చి గుంటలోకి తొంగి చూడాలి.