థండర్ ఓడిపోయి గెలవలేదు

మా డాలస్ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో బాస్కెట్‌బాల్ మాట వస్తే చాలు, ఒకే ఫార్వర్డ్ మళ్లీ మళ్లీ వచ్చి పడుతోంది. 2025లో ఓక్లహామా సిటీ థండర్ ఎన్‌బీఏ టైటిల్ ఎలా కొట్టిందో నాలుగు ముక్కల్లో తేల్చేసే ఫార్వర్డ్ అది. ఉన్న స్టార్లను అమ్మేశారు. రెండు మూడేళ్లు కావాలనే ఓడిపోయారు. ఓడినందుకు డ్రాఫ్ట్‌లో పై పిక్కులు వచ్చాయి. ఆ కుర్రాళ్లే పెద్దవాళ్లై కప్పు తెచ్చారు. చివర్లో ఒక ఉచిత సలహా: ఓపిక ఉంటే ఏ టీమైనా ఇలా చేయొచ్చు, మన మావెరిక్స్ కూడా. 2025 ఫిబ్రవరిలో మావెరిక్స్ తన స్టార్ లూకా డాంచిచ్‌ను లేకర్స్‌కు పంపేశాక ఇక్కడి వాళ్లకు ఏదో ఒక ఓదార్పు కావాలి కదా, అందుకే ఇంతగా అతుక్కుపోయింది.

ఐపీఎల్ మాత్రమే చూసేవాళ్ల కోసం ఒక్క మాట. ఎన్‌బీఏలో వేలం ఉండదు. కొత్త ఆటగాళ్లను టీములు వంతుల వారీగా ఎంచుకుంటాయి, అదే డ్రాఫ్ట్. ముందు వంతు ఎవరిదో లాటరీ తీసి తేలుస్తారు, బాగా ఓడిన టీముకు అది దక్కే అవకాశం ఎక్కువ. ఆ వంతు పేరే పిక్. రాబోయే ఏళ్ల పిక్కులను కూడా ముందే అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. సన్‌రైజర్స్ 2023లో పదో స్థానంలో ఉండి, వేలంలో కమిన్స్‌ను 20.5 కోట్లకు కొని, 2024లో ఫైనల్ ఆడింది. ఇక్కడ డబ్బు విసిరి అలా ఏడాదిలో లేవడం కష్టం. టీమును కట్టాలంటే ట్రేడ్ (టీముల మధ్య ఆటగాళ్ల, పిక్కుల మార్పిడి), డ్రాఫ్ట్ అనే రెండు దారులే ప్రధానం.

ఫార్వర్డ్‌లోని ప్రతి ముక్కలోనూ కాస్త నిజం ఉంది. గొడవంతా అక్కడే.

మొదటి ముక్క, స్టార్లను అమ్మేశారన్నది. అమ్మారు, నిజమే. కానీ ఆ అమ్మకం ప్లాన్ ప్రకారం జరిగింది కాదు. 2019 జూలైలో కవాయ్ లెనర్డ్ పక్కన ఆడాలని థండర్ స్టార్ పాల్ జార్జ్ తనను పంపేయమని అడిగాడు. లాస్ ఏంజెలెస్ టీము క్లిప్పర్స్‌కు జార్జ్ దొరికితేనే లెనర్డ్ అక్కడికి వస్తాడు. అవతలివాడి అవసరం ఎంత గట్టిదో థండర్ జనరల్ మేనేజర్ సామ్ ప్రెస్టీకి అర్థమైంది. ఐదు ఫస్ట్ రౌండ్ పిక్కులు, ఇంకో రెండేళ్లు పిక్ మార్చుకునే హక్కు, డానిలో గాలినారీ, వీటితో పాటు షై గిల్జస్-అలెగ్జాండర్ అనే కుర్రాడిని రాబట్టాడు. అప్పటికి షై ఆడింది ఒక్క సీజన్. 2018 డ్రాఫ్ట్‌లో అతను పదకొండో పిక్. షార్లట్ తీసుకుని అదే రాత్రి క్లిప్పర్స్‌కు ఇచ్చేసింది. 2025లో లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు), ఫైనల్స్ ఎంవీపీ, అత్యధిక స్కోరర్, ముగ్గురూ అతనే. అంటే కప్పుకు మూలస్తంభమైనవాడు ఓటములకు బహుమతిగా రాలేదు. ఒక మంచి ఆటగాడికి బదులుగా వచ్చాడు.

మరి ఆ మంచి ఆటగాడు థండర్‌కు ఎక్కడి నుంచి వచ్చాడు? నాకు ఈ కథ మొత్తంలో ఇష్టమైన భాగం ఇదే. 2007లో థండర్ ఇంకా సియాటిల్‌లో ఉండగా, ఫీనిక్స్ సన్స్ జీతాల బరువు దించుకోవడానికి కర్ట్ థామస్‌ను రెండు ఫస్ట్ రౌండ్ పిక్కులతో సహా వీళ్లకు అంటగట్టింది. అందులో ఒక పిక్ 2008లో 24వ వంతుగా వచ్చింది. దానితో సర్జ్ ఇబాకాను తీసుకున్నారు. 2016లో ఇబాకాను ఆర్లాండోకు ఇచ్చి విక్టర్ ఒలాడిపోను, డొమాంటాస్ సబోనిస్‌ను తెచ్చుకున్నారు. 2017లో ఆ ఇద్దరినీ ఇండియానాకు ఇచ్చి పాల్ జార్జ్‌ను తెచ్చుకున్నారు. 2019లో జార్జ్ వెళ్లి షై వచ్చాడు. పన్నెండేళ్ల గొలుసు ఇది. ఇందులో కావాలని ఓడిపోయి సంపాదించిన లింకు ఒక్కటీ లేదు. కర్ట్ థామస్‌ను ఎవరికీ గుర్తులేని ఒక చిన్న ట్రేడ్‌గా తీసేయొచ్చు గానీ, తీగ లాగితే డొంకంతా అక్కడి నుంచే కదులుతుంది.

ఆ 2017 ట్రేడ్‌కు అవతలి వైపు కూడా చూడండి. ఇండియానా ఆ సబోనిస్‌ను 2022 ఫిబ్రవరిలో శాక్రమెంటోకు ఇచ్చి టైరీస్ హాలిబర్టన్‌ను తెచ్చుకుంది. 2025 ఫైనల్స్‌లో థండర్‌తో ఏడు మ్యాచ్‌లు ఆడింది ఆ హాలిబర్టన్ టీమే. అంటే ఎనిమిదేళ్ల కిందటి ఒక్క బేరం నుంచి రెండు ఫైనలిస్టు టీములూ తమ ప్రధాన ఆటగాళ్లను పుట్టించుకున్నాయి. ఇండియానా సంగతి ఇంకా ముచ్చటైనది. 1988లో రిక్ స్మిట్స్‌ను రెండో పిక్‌గా తీసుకున్న తర్వాత, ఆ ఫైనల్స్ దాకా ఆ టీము సొంత పిక్ మొదటి ఐదులో ఒక్కసారీ పడలేదు. హాలిబర్టన్ 12వ పిక్, పాస్కల్ సియాకమ్ 27, ఆండ్రూ నెంబార్డ్ 31, టీజే మెక్‌కానెల్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. ఓడిపోవడమే దారి అయితే వీళ్లు ఏడో మ్యాచ్ దాకా ఎలా వచ్చారు?

రెండో ముక్క: రెండు మూడేళ్లు కావాలనే ఓడిపోయారు. ఇక్కడ ఫార్వర్డ్ రాసినవాడితో నేను సగం ఒప్పుకుంటాను. జార్జ్, అతనితో పాటు ఇంకో స్టార్ వెస్ట్‌బ్రూక్ వెళ్లిన మొదటి సీజన్‌లో థండర్ ఓడలేదు. క్రిస్ పాల్ నాయకత్వంలో 44 గెలిచి 28 ఓడింది, ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్‌ను ఏడో మ్యాచ్ దాకా లాగింది. తర్వాతి రెండేళ్లు మాత్రం చేతులెత్తేసినట్టే. 2021 మార్చిలో ఆల్ హార్ఫర్డ్‌కు ఏ గాయమూ లేకపోయినా, మిగిలిన సీజన్ ఆడనక్కర్లేదని పక్కన కూర్చోబెట్టారు. ఆ ఏడు 22 గెలుపులు, 50 ఓటములు. మరుసటి ఏడు 24, 58. 2021 డిసెంబర్ 2న మెంఫిస్‌లో 152-79 తేడాతో ఓడారు. 73 పాయింట్లు! ఎన్‌బీఏ చరిత్రలో అంతకన్నా పెద్ద ఓటమి లేదు. ఆ రాత్రి షై ఆడలేదు, నిజమే. మెంఫిస్‌లో జా మొరాంట్ కూడా ఆడలేదు మరి. మూడో క్వార్టర్ తర్వాత ఆ స్కోరుబోర్డు చూస్తే ఇది బాస్కెట్‌బాలా, క్రికెట్టా అనిపించింది.

ఇంత ఓడి సంపాదించిందేమిటి? 2021 జూన్ 22 లాటరీ రాత్రి థండర్‌కు ఆరో వంతు వచ్చింది. హ్యూస్టన్ పిక్ కూడా కలిసొస్తుందేమోనని ఆశపడ్డారు, మరీ పై వంతు వస్తే ఆ పిక్ హ్యూస్టన్‌కే ఉండిపోతుందన్నది షరతు, హ్యూస్టన్‌కు రెండో స్థానం తగలడంతో అదీ పోయింది. మరుసటి ఏడు దాదాపు అంతే చెత్త రికార్డుతో రెండో వంతు తగిలింది. అలా వచ్చినవాడే చెట్ హోమ్‌గ్రెన్. ఒకే రకం ఓటములకు ఒకసారి ఆరు, ఒకసారి రెండు. దీన్ని ప్లాన్ అనాలా, జాతకం అనాలా? హోమ్‌గ్రెన్ కూడా సీజన్ మొదలవకముందే 2022 ఆగస్టులో సియాటిల్‌లో ఒక సరదా మ్యాచ్‌లో పాదం గాయపడి ఏడాదంతా కూర్చున్నాడు.

మొదటి లాటరీ జరిగిన సరిగ్గా నాలుగేళ్లకు, 2025 జూన్ 22న, థండర్ ఏడో మ్యాచ్‌లో 103-91తో కప్పు గెలిచింది. తేదీ కలిసిందని మురిసిపోయేవాళ్లు ఆ రోజు కోర్టులో ఎవరున్నారో కూడా చూడాలి. షై ట్రేడ్‌లో వచ్చాడు. జేలెన్ విలియమ్స్ 12వ పిక్. లూ డార్ట్‌ను 2019 డ్రాఫ్ట్‌లో 60 పిక్కులు అయిపోయినా ఎవరూ అడగలేదు. హార్టెన్‌స్టైన్ 2024లో 8.7 కోట్ల డాలర్ల కాంట్రాక్టు మీద వచ్చిన ఫ్రీ ఏజెంట్, అంటే పాత కాంట్రాక్టు అయిపోయి నచ్చిన టీముకు వెళ్లగలిగినవాడు. ఆరన్ విగ్గిన్స్ 55వ పిక్. ఐజయా జోను 2022 అక్టోబర్‌లో ఫిలడెల్ఫియా తీసేస్తే వీళ్లు తీసుకున్నారు. ఈ వరుసలో ఓటములు నేరుగా ఇచ్చిన పెద్ద పేరు హోమ్‌గ్రెన్ ఒక్కడే. ఆ ఆరో పిక్‌తో తెచ్చుకున్న జాష్ గిడ్డీని 2024లో షికాగోకు ఇచ్చి అలెక్స్ కరూసోను తెచ్చారు కాబట్టి అతన్నీ కలుపుదాం, లెక్కలో మోసం వద్దు. ఆ కరూసో ఒకప్పుడు థండర్ వాళ్ల చిన్న లీగ్ టీములో ఆడినవాడే. అప్పుడు ఉంచుకుని ఉంటే ఈ ట్రేడే అక్కర్లేదు.

జేలెన్ విలియమ్స్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఫార్వర్డ్‌లో అతన్ని 'ట్యాంకింగ్ ఫలితం', అంటే కావాలని ఓడినందుకు దక్కినవాడు అని రాశారు. అది పచ్చి తప్పు. ఆ 12వ పిక్ క్లిప్పర్స్‌ది, జార్జ్ ట్రేడ్‌లో వచ్చింది. 2021-22లో లెనర్డ్ మోకాలి గాయంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. క్లిప్పర్స్ 42-40తో ముగించి, ప్లేఆఫ్స్‌లో చోటు తేల్చే ప్లే-ఇన్‌లో ఆడిన రెండు మ్యాచ్‌లూ ఓడింది. ఒక్కటి గెలిచినా ఆ పిక్ ఇంకా కిందికి జారేది, విలియమ్స్ ఇంకెవరికో వెళ్లేవాడు. ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో 40 పాయింట్లు కొట్టినవాడు అతనే. థండర్ ఓడినందుకు కాదు, క్లిప్పర్స్ ఓడినందుకు అతను దొరికాడు.

పిక్కుల గుట్ట ఉంటే తప్పులు లెక్కలోకి రావన్నది ఇంకో మాట. వస్తాయి. 2021లో 16వ పిక్‌గా అల్పెరెన్ షెంగూన్‌ను ఎంచుకుని అప్పటికప్పుడు హ్యూస్టన్‌కు ఇచ్చేశారు, 2025కల్లా అతను ఆల్‌స్టార్. 2022లో ఉస్మాన్ జెంగ్ కోసం మూడు ఫస్ట్ రౌండ్ పిక్కులు న్యూయార్క్‌కు ధారపోశారు, ఫైనల్స్ నాటికి అతను బెంచ్ చివర్లో ఉన్నాడు. ఫస్ట్ రౌండ్ పిక్ పొకుషెవ్‌స్కీని మూడేళ్లకు పైగా చూసి వదిలేశారు. పైగా టీములో పూర్తి కాంట్రాక్టులకు చోటు 15 మందికే. ఎన్ని పిక్కులున్నా ఆడేది ఐదుగురే కదా.

కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లే పెరిగారన్నది అన్నిటికన్నా తేలిక మాట. డార్ట్ మొదటి సీజన్‌లో మూడు పాయింట్ల షాట్లు 30 శాతం కూడా వేయలేదు, 2024-25లో 41 శాతం వేశాడు. మధ్యలో, 2022లో, శాన్ ఆంటోనియోలో ఏళ్ల తరబడి షూటింగ్ నేర్పిన చిప్ ఎంగెల్లండ్‌ను థండర్ తెచ్చుకుంది. ఆ ఖర్చు, ఆ పని ఫార్వర్డ్‌లో ఎక్కడా కనపడవు.

ఇక 'ఏ టీమైనా చేయొచ్చు' అన్న ఆఖరి ముక్క. చేసినవాళ్లను అడుగుదాం.

ఫిలడెల్ఫియా 2013 నుంచి ఇదే సిద్ధాంతంతో వరుసగా 19, 18, 10 మ్యాచ్‌లు గెలిచింది. సీజన్‌కు 82లో! మూడో పిక్ రెండుసార్లు, మొదటి పిక్ రెండుసార్లు దక్కింది. అలా వచ్చిన ఎంబీడ్ 2023లో ఎంవీపీ కూడా అయ్యాడు. అయినా 2025 వరకు ఆ టీము ప్లేఆఫ్స్‌లో రెండో రౌండ్ దాటలేదు. 2017లో మొదటి పిక్ కోసం బోస్టన్‌తో వంతు మార్చుకుని మార్కెల్ ఫుల్ట్జ్‌ను తీసుకున్నారు. బోస్టన్ మూడో వంతులో జేసన్ టేటమ్‌ను తీసుకుని 2024లో కప్పు కొట్టింది. ఆ బోస్టన్ పిక్ కూడా సొంత ఓటములది కాదు, 2013లో వయసు మళ్లిన గార్నెట్‌ను, పియర్స్‌ను బ్రూక్లిన్‌కు అమ్మి తెచ్చుకున్నది.

పైగా 2019 నుంచి లాటరీ నియమం మారింది. అంతకు ముందు అందరికన్నా చివరి టీముకు మొదటి పిక్ అవకాశం 25 శాతం, ఆ మార్పుతో చివరి మూడు టీములకూ తలా 14 శాతమే అయింది. డెట్రాయిట్ 2023-24లో వరుసగా 28 మ్యాచ్‌లు ఓడింది. 14 గెలుపులతో సీజన్ ముగిస్తే వచ్చింది ఐదో పిక్. అంతకు ముందు ఏడు 17 గెలుపులకూ ఐదే. 2025లో చిట్టచివర ఉన్న యూటాకూ ఐదే. ఆ ఏడు మొదటి పిక్, కూపర్ ఫ్లాగ్, ఎవరికి వెళ్లాడు? 1.8 శాతం అవకాశం మాత్రమే ఉన్న మన మావెరిక్స్‌కు. కాబట్టి డాలస్ వాళ్లు ఈ ఫార్వర్డ్ పంపుకోవడం నాకు వింతగానే ఉంటుంది. ఓడిపోవడం నేర్చుకోమని చెప్పే సలహాను, పెద్దగా ఓడకుండానే లాటరీ తగిలినవాళ్లు పంచుకుంటున్నారు.

అసలు థండర్ గతమే ఈ వాదనకు అడ్డం. 2007, 2008, 2009లో వరుసగా డ్యూరాంట్, వెస్ట్‌బ్రూక్, హార్డెన్‌లను పై పిక్కులతోనే తీసుకున్నారు. ముగ్గురూ తర్వాత ఎంవీపీలయ్యారు. 2012లో ఒక్క ఫైనల్స్, అందులో ఒక్క గెలుపు, అంతే.

పాల్ జార్జ్ 2024 జూలైలో క్లిప్పర్స్‌ను వదిలి ఫ్రీ ఏజెంట్‌గా ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయాడు. బదులుగా క్లిప్పర్స్‌కు ఒక్క ఆటగాడూ రాలేదు. అతని కోసం 2019లో రాసిచ్చిన పిక్కుల్లో చివరిది 2026 నాటిది.