వేడెక్కితే మాట తప్పే కండెన్సర్ గారికి

మహారాజశ్రీ కండెన్సర్ గారి దివ్యసముఖమునకు,

బొటనవేలంత విగ్రహం తమరిది. నా పాత కారు ఇంజనులో, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత కింద, కరెంటును కలుపుతూ విడదీస్తూ ఉండే పాయింట్ల పక్కన, ఒకే ఒక్క స్క్రూ మీద కొలువుదీరి ఉంటారు. మొన్న ఆదివారం బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద మాకు జరిపించిన సన్మానానికి రెండు ముక్కలు రాయకపోతే బాగుండదని ఈ ఉత్తరం.

కంకిపాడులో మా బావమరిది గృహప్రవేశం. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, ఒళ్లో పళ్లబుట్ట పెట్టుకుని కూర్చుంది. గొల్లపూడి నుంచి సర్కిల్ దాకా తమరి నడవడికకు వంక పెట్టడానికి లేదు. సిగ్నల్ దగ్గర బండి రెండుసార్లు కుదిపి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. వెనక ఆర్టీసీ బస్సు హారన్. చివరికి ఇద్దరు ఆటోవాళ్లు, ఒక కానిస్టేబులూ కలిసి పక్కకు తోశారు.

ముహూర్తం దాటిపోయాక, చుట్టాలను వదిలేసి మా బావమరిది తన కరెంటు కారులో వచ్చాడు. ఎత్తిన బోనెట్ కింద తమరు అప్పటికే చల్లగా సేద తీరారు. వాడు నా సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఒక్క సెల్ఫ్! బండి స్టార్టయింది.

"బావా, బండి బాగానే ఉందిగా?"

మా ఆవిడ ఏమీ అనలేదు. కానూరు దాటాక అంది: "రావడం ఇష్టం లేకపోతే ఇంట్లోనే చెప్పాల్సిందండీ."

చెడిపోవడం తప్పని నేననను. నాది 1977 మార్క్ 3 అంబాసడర్; చెడిపోవడం దాని జన్మహక్కు. కానీ మిగతావాళ్లు ఎంత మర్యాదగా చెడిపోతారో చూడండి. ప్లగ్గు పోతే మసి పట్టి చూపిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మూత పగిలితే గీత కనిపిస్తుంది. బ్యాటరీ అయితే ముందురోజే మూలుగుతుంది. తమరొక్కరే సాక్షి లేనప్పుడు చచ్చి, సాక్షి రాగానే లేచి కూర్చుంటారు. మెకానిక్కు వచ్చేసరికి ఇంజను చల్లారుతుంది, తమరికి ప్రాణం వస్తుంది, నేను అబద్ధాలకోరునవుతాను. ఇది ఒకసారి జరిగితే ఈ ఉత్తరమే రాసేవాణ్ణి కాదు.

అందులోనూ ఆ తడిగుడ్డ. "పెట్రోలు పంపు వేడెక్కుతోంది సార్, ఆవిరి పడుతోంది, తడిగుడ్డ వేయండి" అన్నాడు మెకానిక్కు. వేశాను. పావుగంటకు స్టార్టయింది. పావుగంటలో చల్లారింది పంపా, తమరా? ఎవరికి తెలుసు! పేరు మాత్రం తడిగుడ్డకు వచ్చింది. అప్పట్నుంచి డిక్కీలో బిందె, తువ్వాలు మోసుకు తిరిగాను. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో ఈ వయసులో అనుభవానికి వచ్చింది.

తమరి ఉద్యోగం చిన్నదని కూడా అనను. పాయింట్లు విడిపోయే క్షణంలో కరెంటు ఆ సందులోంచి దూకబోతే తమరు మింగాలి. అప్పుడే కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలి, ప్లగ్గుకు వేల వోల్టులు అందుతాయి. నాలుగు సిలిండర్ల ఇంజను, చుట్టుకు రెండుసార్లు; నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 సార్లు ఈ పని. కష్టమే. కానీ అమెరికా ఇంజనీరు కెటరింగ్ దొరగారు కనిపెట్టిన ఈ ఇగ్నిషన్ కాడిలాక్ కార్లలోకి ఎక్కింది 1910లో. అప్పట్నుంచీ ఉన్న ఉద్యోగమే కదా, కొత్తగా ఏమైనా అడిగామా?

పోనీ, తమరి ముందు పనిచేసిన పెద్దాయన సంగతి. ఆయన ఏళ్ల తరబడి ఎండల్లో, వానల్లో మారు మాట్లాడకుండా పనిచేశాడు. పాయింట్లు అరిగాయని మార్చిన రోజున, "సెట్టు సార్, రెండూ కలిపే మార్చాలి" అంటూ ఆయన్నీ పీకేశారు. 2014లో ఉత్తర్‌పారాలో అంబాసడర్ తయారీ ఆగిపోయాక, ఏ సామాను కొన్నా డబ్బా మీద "ఒరిజినల్" అనే ఉంటుంది. నీ డబ్బా మీదా ఉంది. ఒరిజినలట! అవును, గారూ బూరూ ఇక చాలు. లోపల రేకుకూ రేకుకూ మధ్య పెట్టాల్సిన కాగితంలో ఎవడు ఎంత మిగుల్చుకున్నాడో గానీ, వేడి తగిలితే కరెంటు పట్టలేని వాడివి నువ్వు. ఇంజను మీద కూర్చునే ఉద్యోగానికి ఎలా వచ్చావురా?

నిన్న దొరికావు. ఈసారి చల్లారనివ్వలేదు. బండి ఆగీ ఆగగానే మూత పీకి, పక్కింటి కుర్రాణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. పాయింట్లు విడినప్పుడల్లా వాటి మధ్య చిటచిటమని నీలం మెరుపులు. నువ్వు మింగాల్సిన కరెంటంతా అక్కడే తగలబడుతోంది. పాయింట్ల సందు సరిగ్గా పదిహేను థౌ (అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను) ఉంది, నెపం పాయింట్ల మీదికి నెట్టడానికీ లేదు. నీ వైరు విప్పి, పారేయకుండా రేకుడబ్బాలో దాచిన పెద్దాయన్ని తీసి, కాయిల్ పక్కన బ్రాకెట్‌కు బిగించి వైరు కలిపాను. ఇంజను చెయ్యి కాలేంత వేడిగా ఉంది. ఒక్క సెల్ఫ్.

ఆ వేడితోనే కంకిపాడు వెళ్లి, వాళ్ల గుమ్మం ముందు ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, మళ్లీ ఆపి, మళ్లీ స్టార్ట్ చేశాను. బావమరిది బయటికొచ్చి విన్నాడు.

"చెప్పాను కదా బావా, బండి బాగానే ఉందని."

ఇట్లు,
తమరిని ఇప్పుడే సుత్తితో కలుసుకోబోతున్న
అంబాసడర్ ఓనరు