కారణం అడిగితే నల్ల కాగితాలు

ఇక్కడ నెదర్లాండ్స్‌లో మనవాళ్ళ ఉగాది భోజనాల దగ్గర పులిహోర లైన్‌లో నా ముందు నిలబడ్డ తమ్ముడొకడు అన్నాడు, "ఈ యూరప్ వాళ్ళు ఏఐకి చట్టాలు రాసుకుంటూ కూర్చున్నారన్నా, అవతల అమెరికా, చైనా ఎక్కడికో వెళ్ళిపోతున్నాయి, అయినా మనకెందుకులే, మన పని మనం చేసుకుంటున్నాం, ట్యాక్స్ కడుతున్నాం." ఇంతలో లైన్ కదిలింది, మాట అక్కడే ఆగిపోయింది. ఇంటికొచ్చాక కూడా ఆ "మనకెందుకు" నన్ను వదల్లేదు. ఆ తమ్ముడు మన పత్రిక చదువుతాడని నాకు తెలుసు కాబట్టి అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మనకెందుకో తెలియాలంటే డేకేర్ దగ్గర మొదలుపెట్టాలి. నెదర్లాండ్స్‌లో చిన్నపిల్లలున్న మన ఇళ్ళలో చాలామందికి నెలనెలా అకౌంట్లో టూస్లాగ్ పడుతుంది, అంటే భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తూ పిల్లని డేకేర్‌లో వేస్తే ఆ ఫీజులో ప్రభుత్వం భరించే వాటా. ఆ డబ్బు లేకపోతే ఇద్దరిలో ఒకరు, మన ఇళ్ళలో అయితే దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ళే, ఉద్యోగం మానేయాల్సి వస్తుంది. నేను ఈ దేశాన్ని ఇష్టపడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఆ టూస్లాగ్ అప్లికేషన్లకే 2013 నుంచి ఇక్కడి ట్యాక్స్ శాఖ ఒక కంప్యూటర్ మోడల్‌తో స్కోర్లు వేయించింది. తనంతట తాను నేర్చుకునే మోడల్, ఒక్కో అప్లికేషన్‌కి సున్నాకీ ఒకటికీ మధ్య ఒక రిస్క్ నంబర్ ఇస్తుంది. దానికి అందించిన వివరాల్లో అప్లై చేసినవాళ్ళు డచ్ పౌరులా, అంటే నెదర్లాండ్స్ పౌరులా, కాదా అన్నది కూడా ఉంది. మన చేతిలో ఉన్న భారత పాస్‌పోర్టు, మనం ఏ తప్పూ చేయకపోయినా, ఆ లెక్కలో రిస్క్ అన్నమాట. నంబర్ ఎక్కువ వచ్చిన ఫైల్ ఒక ఉద్యోగి టేబుల్ మీదికి వెళ్ళేది, అది ఎందుకు ఎక్కువ వచ్చిందో మాత్రం ఆయనకీ తెలిసేది కాదు. "మనిషి చూశాకే నిర్ణయం తీసుకున్నాం" అని చెప్పుకోవడానికి అక్కడ ఒక మనిషైతే ఉన్నాడు, కానీ ఏం చూడాలో తెలియకుండా కూర్చున్న మనిషి ఉండి ఏం లాభం?

ఆ తర్వాత జరిగింది మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఫారంలో ఒక సంతకం లేకపోయినా, తాము కట్టాల్సిన వాటాలో కొంచెం తక్కువ పడినా, ఆ సంవత్సరం మొత్తం టూస్లాగ్ వెనక్కి కట్టమన్నారు. వేలు, పదుల వేల యూరోలు. కావాలనే మోసం చేశారన్న ముద్ర పడితే వాయిదాల్లో కట్టే వీలు కూడా లేదు. వేలాది కుటుంబాలు అప్పుల్లో మునిగాయి, వాళ్ళలో చాలామంది తుర్కియే, మొరాకో, సురినామ్ మూలాలున్నవాళ్ళు. ఇళ్ళు పోయాయి, కాపురాలు చెదిరాయి, వెయ్యిమందికి పైగా పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసి ప్రభుత్వ సంరక్షణలో పెట్టారు.

నన్ను బాగా కదిలించింది డబ్బు లెక్క కాదు, ఆ కాగితాలు. మా ఫైల్లో అసలేముందో చూపించండని కొందరు తల్లిదండ్రులు పట్టుబడితే, 2019 చివర్లో వాళ్ళకి ఫైళ్ళిచ్చారు. తెరిచి చూస్తే లైన్ల మీద నల్ల పట్టీలు, కొన్నిచోట్ల పేజీ పేజీ అంతా నలుపే. తన బిడ్డ పేరు మీద తెరిచిన ఫైల్లో తనేం తప్పు చేసిందో తెలుసుకుందామని కూర్చున్న తల్లి, వెలుతురుకి పట్టుకుని చూసినా ఒక్క ముక్క కనపడని ఆ కాగితాన్ని ఏం చేసుకోవాలి? ఏఐ మీద ప్రజల అదుపు ఉండాలి అని ఎవరైనా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కాగితమే.

అయితే ఇదంతా కంప్యూటర్ చేసింది అనడం కూడా తప్పు. ఆ కఠినమైన చట్టం పార్లమెంటు చేసిందే. కింద ఉద్యోగులు అమలు చేశారు, పైకోర్టు 2019 దాకా అది సరైనదేనంటూ వచ్చింది. దాన్ని ఆపింది ఇంకా మంచి మోడల్ రాసిన ఇంజనీర్లు కాదు. పట్టువదలని ఒక లాయర్, ట్రౌ పత్రిక, ఆర్‌టీఎల్ చానల్ విలేఖరులు, పార్లమెంటులో అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగిన పీటర్ ఓమ్‌త్సిఖ్ట్, రెన్స్‌కె లైటెన్ అనే ఇద్దరు సభ్యులు, ఇద్దరివీ వేర్వేరు పార్టీలు. వాళ్ళందరికంటే ముందు, సిగ్గుతో తలుపులేసుకోకుండా బయటికొచ్చి మాట్లాడిన ఆ తల్లులు. 2020 డిసెంబరులో పార్లమెంటు విచారణ నివేదిక వచ్చింది, దాని పేరే "కనీవినీ ఎరగని అన్యాయం" అని. 2021 జనవరి 15న ప్రధాని రుట్టె ప్రభుత్వం మొత్తం రాజీనామా చేసింది. అదే ఏడాది డిసెంబరులో ప్రైవసీ సంస్థ ట్యాక్స్ శాఖకి 27.5 లక్షల యూరోల జరిమానా వేసింది. ఒక ప్రభుత్వ సంస్థ ఇంకో ప్రభుత్వ శాఖకి జరిమానా వేయడం మన దగ్గర ఎప్పుడైనా చూశామా?

మన ఐటీవాళ్ళు వెంటనే అనే మాట నాకు తెలుసు, డేటా సరిగ్గా క్లీన్ చేసి, పౌరసత్వం కాలమ్ తీసేస్తే సరిపోయేది కదా అని. నేనూ అదే అనుకునేవాణ్ణి. ఆమ్‌స్టర్‌డామ్ సరిగ్గా ఆ పనే చేసి చూసింది. ప్రభుత్వ భృతికి అప్లై చేసుకునేవాళ్ళలో ఎవరి ఫైల్ లోతుగా చూడాలో చెప్పడానికి "స్మార్ట్ చెక్" అనే మోడల్ కట్టారు, పౌరసత్వం, ఆడా మగా లాంటివి లోపలికి ఇవ్వలేదు, వివక్ష ఉందేమోనని పరీక్షలు పెట్టారు. అయినా మొదటి రూపంలో డచ్ పౌరులు కానివాళ్ళనే ఎక్కువగా తప్పుపట్టింది. దాన్ని సరిచేసి 2023లో నిజం అప్లికేషన్ల మీద నడిపితే ఈసారి తప్పు రెండో వైపుకి ఒరిగింది, డచ్‌వాళ్ళు, ఆడవాళ్ళు అనవసరంగా పట్టుబడ్డారు. నగరం దాన్ని పక్కన పెట్టేసింది.

అంత పెద్ద నగరం, అంత జాగ్రత్తగా చేసిన పని. కానీ మొదట్నుంచీ వద్దని చెప్పినవాళ్ళు అక్కడ ఒకరున్నారు, భృతి మీద బతికేవాళ్ళూ వాళ్ళ తరఫున పనిచేసేవాళ్ళూ కూర్చునే సలహా మండలి. అసలు మమ్మల్ని దొంగలుగా చూస్తూ మొదలుపెట్టడమే తప్పు కదా అని వాళ్ళడిగారు. కోడ్ చూడ్డం వాళ్ళ పని కాదు, కానీ అడగాల్సిన ప్రశ్న వాళ్ళే అడిగారు. పని ఆపే అధికారం మాత్రం వాళ్ళకి లేదు, సలహా ఇచ్చేంత వరకే. ఆపే అధికారం కూడా ఉండాలని నేనంటాను.

ఇది యూరప్ గొడవ అనుకునే తెలంగాణ మిత్రులకి సమగ్ర వేదిక గురించి గుర్తుచేస్తాను. రకరకాల ప్రభుత్వ రికార్డుల్ని కలిపి ఎవరు ఎవరో పోల్చి, ఎవరికి పథకం ఇవ్వాలో చెప్పే ఆ సిస్టమ్ వల్ల, కారు మొహం చూడనివాళ్ళు కూడా కార్ల ఓనర్లయిపోయి రేషన్ దక్కక తిరిగారు. పేరు కలిసింది, అంతే. తెలంగాణలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల్ని మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కార్డు ఎందుకు పోయిందని రేషన్ షాపులో అడిగితే "కంప్యూటర్‌లో లేదమ్మా" అంటారు, అది కూడా నల్ల కాగితమే.

ఇప్పుడు యూరప్ ఏఐ చట్టం సంగతి. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, రూల్స్ మాత్రం విడతలవారీగా వర్తిస్తాయి. ప్రభుత్వ సాయం ఎవరికివ్వాలి, ఉద్యోగానికి ఎవర్ని పిలవాలి, లోన్ ఎవరికివ్వాలి లాంటి చోట్ల వాడే సిస్టమ్‌లని అధిక ప్రమాదం ఉన్నవిగా లెక్కగట్టి, వాటి మీద అర్థం చేసుకోగలిగిన మనిషి నిఘా ఉండాలని, దెబ్బతిన్నవాళ్ళు అడిగితే ఆ నిర్ణయంలో సిస్టమ్ పాత్ర ఏమిటో వివరించాలని అందులో ఉంది. తమ్ముడూ, నువ్వు "చట్టాలు రాసుకుంటూ కూర్చున్నారు" అన్నది దీన్నే. 2025 నవంబరులో యూరోపియన్ కమిషన్ సరిగ్గా ఈ అధిక ప్రమాదం రూల్స్‌నే 2027 డిసెంబరు దాకా వాయిదా వేద్దామని ప్రతిపాదించింది. కంపెనీలకి టైం కావాలట. కంపెనీల ఇబ్బంది నాకు అర్థమవుతుంది, నేనూ ఆ డెడ్‌లైన్ల మధ్యే బతుకుతున్నాను, కానీ సాయం ఆగిపోయిన ఇంటికి మాత్రం వచ్చే నెల అద్దె వాయిదా పడదు.

పోటీలో వెనకబడతామన్న భయం ఉట్టిదేమీ కాదు, ఉద్యోగాల టెన్షన్ నాకూ ఉంది. కానీ మనం ఇక్కడికి వచ్చింది జీతం కోసమే అయినా చాలామందిమి ఉండిపోయింది డాక్టరు, స్కూలు, డేకేర్, ఉద్యోగం పోతే కొన్నాళ్ళు నిలబెట్టే భృతి చూసి. వాటి గుమ్మం దగ్గర ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని మోడల్‌ని కాపలా పెడితే, రేపు ఉద్యోగం పోయి, వీసా టెన్షన్‌తో, డచ్ సరిగ్గా రాక ఆ గుమ్మం ముందు నిలబడేది మనమే కావచ్చు. రోటర్‌డామ్‌లో భృతి తీసుకునేవాళ్ళకి స్కోరు వేసిన మోడల్లో డచ్ భాష ఎంత వచ్చన్నది కూడా ఒక అంశం.

మన చేతిలో ఏముంది అంటారా? ఓటుంది. ఇక్కడ వరుసగా అయిదేళ్ళు చట్టబద్ధంగా ఉంటే భారత పాస్‌పోర్టుతోనే మున్సిపల్ ఎన్నికల్లో ఓటేయొచ్చు. 2022లో నేను ఎర్ర పెన్సిల్‌తో ఆ బారెడు బ్యాలెట్ మీద గడి నింపి వచ్చాను, మనవాళ్ళలో చాలామంది పోస్టులో వచ్చిన ఓటు కార్డుని ప్రకటన కాగితాలతో పాటు పారేశారు. ఆఫీసులో ఇంకోటుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలో వర్క్స్ కౌన్సిల్ ఉండాలి, అంటే ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధుల మండలి, ఇక్కడ ఓఆర్ అంటారు. మన పనిని, హాజరుని గమనించే సిస్టమ్ ఏది పెట్టాలన్నా యాజమాన్యం దాని ఒప్పుకోలు తీసుకోవాలి, అంటే ఇక్కడ ఆపే అధికారం ఉంది. 2022లో మారిన రూల్ ప్రకారం, ఉద్యోగంలో చేరిన మూడు నెలలకే ఓఆర్ ఎన్నికల్లో ఓటు వేయొచ్చు, పోటీ కూడా చేయొచ్చు. డచ్ పౌరులై ఉండక్కర్లేదు.

మా ఆఫీసులో మనవాళ్ళం చాలామందిమి ఉన్నా ఓఆర్‌లో ఒక్కరూ లేరు. ఈసారి నేను పేరిచ్చాను. ఉద్యోగుల టికెట్లకి, అంటే వాళ్ళకి అప్పగించిన పనులకి, స్కోర్లు వేసే టూల్ ఒకటి కొత్తగా వస్తోందట, అది ఏం చూసి స్కోరు వేస్తుందో రాతపూర్వకంగా ఇమ్మని అడగడం నా లిస్టులో మొదటిది. తమ్ముడూ, మీ కంపెనీలో ఓఆర్ ఎన్నికలు ఎప్పుడో కనుక్కో, వచ్చే ఉగాదికి లైన్‌లో అదే అడుగుతాను.